అడ్డుగీత లేని కెనడియన్



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు మాకు డిగ్రీలో రాజనీతిశాస్త్రం చెప్పారు. ఒక దేశాన్ని తెలుసుకోవాలంటే ముందు అక్కడి ప్రమాణపాఠం చదవమనేవారు. ఎవరికి విధేయులమని చెప్పిస్తున్నారో చూస్తే, ఆ దేశం తన గురించి ఏమనుకుంటోందో తెలిసిపోతుందని ఆయన లెక్క. రెండేళ్ళ కిందట బ్రాంప్టన్‌లో ఆ మాట గుర్తొచ్చింది. ఆ రోజు మా మేనల్లుడు కెనడా పౌరుడయ్యాడు. వాడు కుడిచెయ్యి ఎత్తి, మూడవ ఛార్లెస్ రాజుకూ ఆయన వారసులకూ విధేయుడిగా ఉంటానని చదువుతుంటే, స్వాతంత్ర్య సమరయోధుల పింఛను అందుకున్న మా తాతగారు కళ్ళముందు మెదిలారు. ఆయన ఉండి ఉంటే ఏమనేవారో సభామర్యాద దృష్ట్యా చెప్పను.

ఆ కిరీటం అక్కడ ఇంకా ఎందుకుందో తెలియాలంటే కెనడా కన్సర్వేటివ్‌ల దగ్గరకు వెళ్ళాలి. వాళ్ళ పార్టీ పుట్టుకలో మతం కన్నా, మార్కెట్ కన్నా బలమైన భావం ఒకటుంది: మనం అమెరికా కాకూడదు. తొలి ప్రధాని జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ 1879లో సుంకాల గోడ కట్టింది అందుకే. 1891లో తన చివరి ఎన్నికలో, బ్రిటిష్ ప్రజగా పుట్టాను, బ్రిటిష్ ప్రజగానే పోతాను అన్నదీ అందుకే. అదే పార్టీ 1988లో బ్రయన్ మల్రోనీ నాయకత్వాన, అమెరికాతో స్వేచ్ఛావాణిజ్యం కావాలంటూ ఎన్నిక గెలిచింది. పార్టీలకు పేర్లు మిగులుతాయి, లోపలి సరుకు మారిపోతుంది.

మెక్‌డొనాల్డ్ గర్వంగా చెప్పుకున్న ఆ ‘బ్రిటిష్ ప్రజ’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. 1914లో కొమగట మారు ఓడలో వాంకూవర్ చేరిన 376 మందీ బ్రిటిష్ ప్రజలే. ఎక్కువమంది పంజాబీలు. సొంతదేశం నుంచి ఎక్కడా ఆగకుండా రావాలన్న నిబంధన చూపించి, కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. ఆ నిబంధన పెట్టింది లిబరల్ ప్రభుత్వం, ఓడను తిప్పి పంపింది కన్సర్వేటివ్ రాబర్ట్ బోర్డెన్ ప్రభుత్వం. ఒకే హోదా ఒకరికి తలపాగా అయింది, మరొకరికి ఎందుకూ కొరగాని కాగితమైంది. కెనడా పౌరసత్వమంటూ చట్టంలో విడిగా ఏర్పడింది 1947 జనవరి 1న.

ఆ తర్వాత వచ్చిన కన్సర్వేటివ్ నాయకుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాత్ర జాన్ డీఫెన్‌బేకర్. సస్కాచెవాన్ మైదానాల్లో పెరిగిన వకీలు. జర్మన్ మూలాల ఇంటిపేరు వల్ల, అక్కడే పుట్టినా పరాయివాడన్న చూపు తప్పలేదు. అందుకే ఫలానా-కెనడియన్ అంటూ మధ్యలో పెట్టే అడ్డుగీత అంటే ఆయనకు మంట. ‘ఒకే కెనడా’ ఆయన నినాదం. 1957లో ప్రధాని అయ్యాక అది నినాదంగానే మిగిలిపోలేదు. 1960లో హక్కుల చట్టం తెచ్చారు. అదే ఏడు ఆదివాసీలకు తమ చట్టపరమైన హోదా వదులుకోకుండానే జాతీయ ఎన్నికల్లో ఓటు వచ్చింది. 1962లో ఆయన మంత్రి ఎలెన్ ఫెయిర్‌క్లఫ్ వలస నిబంధనల్లోంచి జాతి వివక్షను చాలావరకు తీసేశారు. మనవాళ్ళు ఆ దేశంలో అడుగుపెట్టిన దారి అక్కడే తెరుచుకుంది. ఈ సంగతి టొరంటో తెలుగు సభల్లో ఎవరైనా చెబుతారేమోనని చూశాను, వినలేదు.

అయితే ఆయన సమానత్వం క్యూబెక్ ఫ్రెంచివాళ్ళకు రుచించలేదు. అడ్డుగీత చెరిపితే తమ భాషా చెరిగిపోతుందని వాళ్ళ భయం. తెలుగువాళ్ళం మనకు ఆ భయం అర్థం కానిది కాదు. ఇంతా చేసి, మేపుల్ ఆకు జెండాను ససేమిరా వద్దన్న ఆ పెద్దమనిషి 1979లో పోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం శవపేటిక మీద ఆ కొత్త జెండాతోపాటు బ్రిటిష్ గుర్తున్న పాత ఎర్రజెండా కూడా కప్పారు.

కన్సర్వేటివ్ ప్రధాని స్టీఫెన్ హార్పర్ కాలానికి ప్రశ్న మారింది. 2006లో లెబనాన్‌లో యుద్ధం వచ్చినప్పుడు కెనడా సుమారు 15,000 మంది పౌరులను ఓడల్లో, విమానాల్లో తరలించింది. వాళ్ళలో ఎంతమంది నిజంగా కెనడాలో బతుకుతున్నారని జనం అడిగారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. 2009లో, విదేశంలో పుట్టినవాళ్ళకు వారసత్వంగా వచ్చే పౌరసత్వాన్ని ఒక్క తరానికి పరిమితం చేశారు. 2014 చట్టం పౌరసత్వానికి ఆరేళ్ళలో నాలుగేళ్ళ నివాసం అడిగింది. ఇక్కడిదాకా వాళ్ళ వాదనతో నాకు పేచీ లేదు. ఊళ్ళో ఉండనివాడికి ఊరి చెరువు మీద ఎంత హక్కుండాలన్నది న్యాయమైన తగాదానే.

అదే చట్టంలో మరో నిబంధన పెట్టారు: ఉగ్రవాదం, దేశద్రోహం, గూఢచర్యం నేరాల్లో శిక్షపడిన ద్వంద్వ పౌరుల కెనడా పౌరసత్వాన్ని రద్దు చేయవచ్చు. నేరం ఒకటే. ఒకే పాస్‌పోర్టు ఉన్నవాడు జైలుకు, రెండున్నవాడు జైలుకూ ఆ తర్వాత దేశం బయటికీ. డీఫెన్‌బేకర్ చెరిపిన అడ్డుగీతను ఆయన వారసులే మళ్ళీ గీశారు. మనదేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు, ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. కనుక మనవాళ్ళలో చాలామందికి అది నేరుగా తగిలేది కాదు. అంతమాత్రాన సరైనదీ కాదు. 2017లో లిబరల్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

సామాజిక విషయాల్లో ఈ పార్టీ అరిచినంతగా కరవలేదు. గర్భస్రావాలను కట్టడి చేసే మల్రోనీ బిల్లు 1991లో సెనేట్‌లో 43–43 ఓట్లతో వీగిపోయింది; ఆ తర్వాత ఏ కన్సర్వేటివ్ ప్రభుత్వమూ అలాంటి బిల్లు పెట్టలేదు. వివాహమంటే స్త్రీపురుషులదేనన్న నిర్వచనాన్ని పార్టీ 2016లో తన విధానపత్రం నుంచి తానే తీసేసింది. దెబ్బతిన్నది మరోచోట. హార్పర్ వలస వ్యవహారాల మంత్రి జేసన్ కెనీ గుడులూ గురుద్వారాలూ తిరిగి, 2011లో టొరంటో శివార్ల వలస కుటుంబాల ఓట్లు తెచ్చిపెట్టారు. 2015లో అదే పార్టీ ‘అనాగరిక సాంస్కృతిక ఆచారాల’ మీద ఫిర్యాదులకు ఫోన్‌లైను పెడతామంది. పక్కింటివాళ్ళ మీద చాడీలు చెప్పమనే పార్టీకి ఆ వీధిలో ఓటెవరేస్తారు?

2009 నాటి ఆ ఒక్క తరం పరిమితి రాజ్యాంగవిరుద్ధమని 2023 డిసెంబరులో ఒంటారియో కోర్టు తేల్చింది. 2025లో వచ్చిన కొత్త చట్టం మధ్యేమార్గం పట్టింది: విదేశంలో పుట్టి వారసత్వంగా పౌరసత్వం పొందిన వ్యక్తి, విదేశంలోనే పుట్టే తన బిడ్డకు పౌరసత్వం ఇవ్వాలంటే అంతకుముందు కెనడాలో 1,095 రోజులు ఉండి ఉండాలి. అది చాలదన్నారు కన్సర్వేటివ్‌లు. నాకైతే చాలుననిపిస్తుంది.

మొన్న ఫోనులో మా మేనల్లుడికి ఈ లెక్కంతా చెప్పాను. రేపు హైదరాబాదు వచ్చి స్థిరపడితే, ఇక్కడ పుట్టే బిడ్డకు బెంగలేదు, ఆ బిడ్డకు ఇక్కడే పుట్టే బిడ్డ సంగతే చూసుకోవాలి అన్నాను. కాసేపు ఆగి, “అయితే మామయ్యా, పిల్లాణ్ణి చదువుకు అక్కడికే పంపాలంటావా?” అన్నాడు. వాడికింకా పెళ్ళి కాలేదు.