నక్షత్రాల దాకా వెళ్లగలమా?

ఇంజనీరుని కదా, లెక్కతోనే మొదలుపెడతాను.

సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. 4.24 కాంతి సంవత్సరాల దూరం. 1977లో బయల్దేరిన వాయేజర్ 1 సెకనుకు 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో అయితే సుమారు 75 వేల ఏళ్లు. కాంతి వేగంలో పదో వంతు అందుకుంటే 42 ఏళ్లు చాలు. కానీ ఒక్క కిలో బరువుకు ఆ వేగం రావాలంటే 12.5 కోట్ల యూనిట్ల కరెంటు కావాలి. వెయ్యి మెగావాట్ల కేంద్రం ఐదు రోజులకు పైగా రాత్రింబవళ్లు ఇచ్చేదంతా! అరవై కిలోల మనిషికి పది నెలలు. ఓడ, తిండి, నీళ్లు ఇంకా కలపలేదు. అక్కడ ఆగడానికి మళ్లీ అంత.

భూమి పాడైతే అక్కడికి పోదామంటారు కొందరు. అంత శక్తి చేతిలో ఉంటే భూమినే బాగుచేసుకోవచ్చు కదా!

శక్తి ఎప్పటికైనా దొరకవచ్చు. నా అభ్యంతరం వేరు. పదిహేనేళ్ల కుర్రాడు ఓడ ఎక్కితే దిగేసరికి యాభై ఏడు. దారిలో పుట్టే పిల్లల్ని నీకిష్టమేనా అని ఎవరడుగుతారు? వాళ్లకు వెనక్కి దారీ లేదు.

కనుక ముందు యంత్రాన్నే పంపుదాం. అది తీసిన ఫొటో ఇక్కడికి రావడానికి ఇంకో నాలుగేళ్ల మూడు నెలలు. ఈరోజే బయల్దేరినా తయారుచేసిన మా వయసువాళ్లం చూడటం కష్టం. ఈ ఏడు మన బడిలో ఆరో తరగతిలో చేరిన పిల్లలు చూస్తారు, రిటైరయ్యే ముందు.