మన ఆస్తి ఏది?

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈసారి చదువు గురించి కాకుండా ఆస్తి గురించి మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగారు. హాస్టల్ వార్డెన్లు ఆస్తి గురించి ఏం చెబుతారని మీకు అనిపించవచ్చు. హాస్టల్లో చేరే ప్రతి బిడ్డ వెనక ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటికి ఏ కాగితం ఉంది, ఏ కాగితం లేదు అన్నది మాకు అడ్మిషన్ రోజునే తెలిసిపోతుంది. కులధ్రువీకరణ పత్రం ఉంటే జనన ధ్రువీకరణ పత్రం ఉండదు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉంటుంది. అందుకే ఈ విషయం మాకు కొత్తది కాదు.

తరగతిలో ఎప్పుడైనా "మీ ఇంట్లో ఆస్తి ఏముంది?" అని అడిగితే మన పిల్లలు ఠక్కున చెప్పే జవాబు ఒకటే. "ఏం లేదు మేడం." ఆ జవాబు నిజమా, కాదా? ఈ రోజు దాన్నే కొంచెం విడమరిచి చూద్దాం.

మన తాతల దగ్గర దస్తావేజులు లేవు. ఒప్పుకుందాం. అలాగని వాళ్ళకు సొంతమంటూ ఏమీ లేదా? వరికోతలు అయ్యాక పొలంలో ఎలుక బొరియ తవ్వితే లోపల దాచిన వడ్లు దొరుకుతాయి. ఆ వడ్లు ఎవరివి? తవ్వినవాళ్ళవి. పొలం రైతుదే, పంట రైతుదే. ఎలుకను పట్టి పంటను కాపాడింది మనవాళ్ళు కాబట్టి బొరియలో గింజలు మనవాళ్ళవి. ఎక్కడా రాయకపోయినా రైతూ ఒప్పుకున్నాడు, మనమూ ఒప్పుకున్నాం. ఆస్తి అంటే నలుగురూ ఒప్పుకున్న హక్కే కదా!

మురుగు కాలువలో ఏ మలుపు దగ్గర ఊత వేస్తే కొరమీను పడుతుందో, ఏ పోటుకు మడ అడవిలో పీతలు పైకి వస్తాయో, పాము కరిస్తే, కడుపునొస్తే ఏ వేరు తేవాలో మన అవ్వలకు తెలుసు. శ్రీహరికోట దీవిలో మన యానాదులు తేనె, వంటచెరకు, మందు వేర్లు, బట్టలకు ఎర్రరంగు వేసే చిరువేరు సేకరించి ఇచ్చేవారని ఆంగ్లేయుల కాలం నాటి రాతల్లోనే ఉంది. ఆ తెలివిని అందరూ వాడుకున్నారు. ఆ అడవి మీద వాళ్ళకు హక్కు ఉందని మాత్రం ఎవరూ రాసి ఇవ్వలేదు. తర్వాత ఆ దీవిని రాకెట్ కేంద్రం కోసం తీసుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ పైకి లేచింది. దేశానికి అది గర్వకారణం, మనకూ గర్వకారణమే. అయితే ఆ నేల మీద తరతరాలుగా బతికిన కుటుంబాలు దీవి వదిలి బయటికి రావలసి వచ్చింది. పట్టా ఉన్నవాడికి పరిహారం లెక్క కట్టడం తేలిక. చెట్టునూ వేరునూ ఎరిగి బతికిన వాడికి ఏ లెక్క కడతారు?

కాగితం లేకపోవడం వల్ల మనకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. ఆస్తి లేనివాడు, ఊరూరా తిరిగేవాడు దొంగ అయి ఉంటాడని తెల్లదొరలు తేల్చేశారు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మన మద్రాసు రాజ్యానికీ వర్తింపజేశారు. మన పక్కనే, బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఎలా పుట్టిందో మీకు తెలుసు కదా. 1913లో ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెటిల్మెంట్ పెట్టారు. యానాదుల్లోనూ కొందరిని ఆ జాబితాలోకి ఎక్కించారు. పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే నేరం అంటగట్టిన చట్టం అది. దానికి ఎదురు నిలిచిన వాళ్ళలో నెల్లూరు ప్రాంతపు వెన్నెలకంటి రాఘవయ్య గారు ముఖ్యులు. మన కులంవారు కాకపోయినా యానాదుల కోసం జీవితమంతా పనిచేశారు, యానాదుల మీద పుస్తకం రాశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఈ తేదీ మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు కాసేపు సముద్రాలు దాటి వెళ్దాం. బోర్నియో అనే పెద్ద దీవి ఉంది. అక్కడి వానల అడవిలో దయాకులనే ఆదివాసులు ఉంటారు. వాళ్ళలో ఇబాన్ అనేది ఒక తెగ. ఊరంతా ఒకే పొడవాటి ఇంట్లో ఉంటుంది. ఏ కుటుంబానికి ఆ కుటుంబం గది, పొయ్యి, ధాన్యం వేరు. అందరూ కూర్చుని మాట్లాడుకునే వసారా మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే. తాతముత్తాతల నాటి పెద్ద జాడీలు, కంచు గంటలు వాళ్ళకు బంగారంతో సమానం. అడవి నరికి మొదట పంట వేసిన వాడికీ అతని వారసులకూ ఆ నేల మీద హక్కు. తాత నాటిన పండ్ల చెట్టుకు ఆ తాత సంతతి అంతా హక్కుదారులు. మన ఎలుక బొరియ న్యాయం లాంటిదే ఇదీ. కాగితం మీద ఉండదు, నలుగురి నోట ఉంటుంది.

అక్కడికి కలప కంపెనీలు, తోటల కంపెనీలు వచ్చాయి. కాగితం చూపించమన్నాయి. రుమా నోర్ అనే ఇబాన్ ఊరివాళ్ళు తమ నేలకు పటం గీయించుకుని కోర్టుకు వెళ్ళారు. 2001లో సారవాక్ హైకోర్టు వాళ్ళకు అనుకూలంగా తీర్పు చెప్పింది. 2005లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కారణం గమనించండి. ఆదివాసులకు ఆచార హక్కు ఉంటుందన్న మాటను పై కోర్టు కాదనలేదు. ఆ ఫలానా నేలలో ఫలానా భాగాన్ని వీళ్ళ పెద్దలు సాగు చేశారనడానికి ఆధారం చాలలేదంది. న్యాయం వాళ్ళవైపు ఉన్నా ఆధారం చాలక ఓడిపోయారు. మనం ఈ సంగతి నేర్చుకోవడానికి బోర్నియో దాకా వెళ్ళక్కర్లేదు గానీ, వాళ్ళ కథ వింటే మన కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇక మన ఇంటికి వద్దాం. చాలామంది పిల్లలు "గిరిజనుల భూమి ఇతరులు కొనకూడదు, 1/70 చట్టం ఉంది" అంటారు. నిజమే, ఉంది. కానీ అది ఏజెన్సీకి, అంటే షెడ్యూల్డ్ ప్రాంతానికి మాత్రమే. నగరం, రేపల్లె, బాపట్ల షెడ్యూల్డ్ ప్రాంతాలు కావు. పాడేరులో ఉన్న కంచె మన చేనుకు లేదు. మన దగ్గర గిరిజనులకు భూమి ఉందంటే అది ఎక్కువగా ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి. దానికి వేరే కంచె ఉంది. అదే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం. పేదలకు ఇచ్చిన భూమిని ఎవరూ కొనకూడదని, కొన్నా చెల్లదని అది చెప్పింది. 2023లో ఆ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటిన సాగుభూమిని అమ్ముకునే వీలు కల్పించారు. 2024లో అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. రేపు ఏ నిర్ణయం వస్తుందో చూడాలి. ఏది వచ్చినా మన గుమ్మం ముందుకు ఒకడు మోటారు సైకిల్ మీద వచ్చి "అర ఎకరం ఎందుకమ్మా మీకు, లక్షల్లో ఇస్తాం, ఇక్కడ వేలిముద్ర వేయండి" అంటాడు. ఆ అర ఎకరం రొయ్యల చెరువులో కలిసిపోతే, అదే చెరువు గట్టు మీద కాపలా మనిషిగా మిగిలేది మన నాన్నే.

చెరువు కాపలా అన్నాక అడ్వాన్సు మాట కూడా చెప్పాలి. పెళ్ళికో, ఆస్పత్రికో చేబదులు తీసుకుని, అది తీరేదాకా భార్యాబిడ్డలతో గట్టు మీదే ఉండిపోయే కుటుంబాలు మనలో ఉన్నాయి. ఆ కుటుంబాల పిల్లలు దసరా సెలవులకు వెళ్ళి సంక్రాంతి దాకా తిరిగి రారు. మేము ఫోన్ చేస్తే "నాయన పోనివ్వట్లేదు మేడం, బాకీ ఉందంట" అంటారు. వినండి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం మనిషిని కట్టిపడేసే అలాంటి బాకీ చెల్లదు. తహసీల్దారుకో, ఆర్డీఓకో, కలెక్టరుకో అర్జీ పెట్టుకోవచ్చు. ఒంట్లో ఉన్న ప్రాణం, రెండు చేతులు మన మొదటి ఆస్తి. వాటిని తాకట్టు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇళ్ళ సంగతి చూద్దాం. మనవాళ్ళ గుడిసెలు ఎక్కువగా కాలువ గట్ల మీద, డ్రైన్ల పక్కన ఉంటాయి. నీటి పోరంబోకులో పట్టా ఇవ్వరు. ఏళ్ళ తరబడి కరెంటు బిల్లు కట్టినా ఆ నేల మనది కాదు. అందుకని "ఇక్కడే పుట్టాం, ఇక్కడే ఉంటాం" అని కూర్చోకుండా వేరేచోట ఇంటి స్థలం కోసం సచివాలయంలో అర్జీ పెట్టించండి. రసీదు తీసుకోండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమతో పాటు మన తీరమూ వేల ప్రాణాలు పోగొట్టుకుంది. గట్టు మీద గుడిసె అంటే ప్రాణం, సామాను రెండూ నీటి అంచున పెట్టుకోవడమే.

మడ అడవిలో పీతలు, చేపలు పట్టే కుటుంబాలకు ఇంకో మాట. 2006 అటవీ హక్కుల చట్టం కొండల మీది వాళ్ళకే అనుకోకండి. అడవి మీద ఆధారపడి బతికే గిరిజనులు మైదానంలో ఉన్నా వర్తిస్తుంది. నీటి వనరుల్లో చేపలు పట్టుకునే సామూహిక హక్కు కూడా అందులో ఉంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అక్కడ బతుకుతున్నామని గ్రామసభలో చూపించాలి. మళ్ళీ ఆధారం దగ్గరికే వచ్చాం, చూశారా?

చివరిగా మా హాస్టల్ ఆడపిల్లలకు, వాళ్ళ అన్నదమ్ములకు చెప్పవలసిన మాట. మగపిల్లలతో సమానంగా కూతురికి వాటా ఇచ్చే హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు. అందుకే "మన ఆచారంలో కూతురికి లేదు" అని నోరు మూయిస్తారు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక గిరిజన మహిళ వారసుల కేసులో తీర్పు చెప్పింది. కూతురికి వాటా లేదనే ఆచారం ఉన్నట్టు రుజువు కాకపోతే ఆమెను పక్కన పెట్టకూడదు, అది సమానత్వానికి విరుద్ధం అంది. కాలువలో దిగి చేపలు పట్టేటప్పుడు మన ఆడవాళ్ళు సగం బరువు మోయలేదు, మొత్తం మోశారు. పట్టా దగ్గరికి వచ్చేసరికి పేరు మాయం కావడం ఏం న్యాయం? తమ్ముళ్ళూ, ఈ మాట మీ ఇంట్లో మీరు ఎత్తితే అక్కకు సగం బలం వస్తుంది.

మరి మీరు చేయగలిగింది ఏమిటి? ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళగానే ట్రంకు పెట్టె దించండి. పట్టా ఉంటే సర్వే నంబరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మీభూమిలో 1బి, అడంగల్ తీయించి పేరు ఎవరిది పడిందో చూడండి. చనిపోయిన తాత పేరే ఇంకా ఉంటే వారసుల పేర్లకు మార్చమని అర్జీ పెట్టించండి. ప్రతి కాగితానికీ రెండు జిరాక్సులు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి మీ పెట్టెలో ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో చుట్టండి, తుఫాను చెప్పి రాదు. చదువురాని పక్కింటి అవ్వ కాగితాలు కూడా చదివి పెట్టండి.

ఆ నోటుపుస్తకంలోనే వెనక పేజీల్లో ఇంకోటి రాయండి. అవ్వ దగ్గర కూర్చుని ఏ వేరు దేనికి, ఏ నెలలో ఏ చేప, మన వాళ్ళు మొదట ఏ ఊరి గట్టుకు వచ్చారు, ఆ ఊళ్ళో ఎవరి తర్వాత ఎవరు అన్నీ అడిగి రాసుకోండి. ముందు పేజీలు తహసీల్దారు ఆఫీసులో పనికొస్తాయి. వెనక పేజీలు మీ పిల్లలకు పనికొస్తాయి. పట్టుకొచ్చిన చేపల్లో పక్కింటికి ఒక పాలు పంపే అలవాటు మాత్రం ఏ పుస్తకంలోనూ రాయనక్కర్లేదు. అది చేతల్లో ఉంటే చాలు.

సెలవులు అయిపోయాక ఆ నోటుపుస్తకాలు పట్టుకుని రండి. కూర్చుని కలిసి చదువుకుందాం. సెలవు.