రికార్డులో ఏముందో మనమూ చూడవచ్చు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



నెల మారగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఏమిటి? వంటింట్లో కాలెండరు ముందు నిలబడి, పాలవాడు ఎన్ని పూటలు నాగా చేశాడో లెక్క చూసుకోవడం. ఇస్త్రీ బట్టల పద్దు, కిరాణా కొట్టు చీటీ, అన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటాం. అర లీటరు తేడా వస్తే అడక్కుండా వూరుకోం. అడిగామని పాలవాడూ ఏమీ అనుకోడు.

మరి ఏడాదికి రెండు విడతలుగా ఇంటి పన్ను కడుతున్నాం కదా, కుళాయి పన్ను కడుతున్నాం కదా, ఆ డబ్బుతో మన వీధికి ఏం చేశారో ఎన్నడైనా లెక్క చూసుకున్నామా? “మనకెవరు చూపిస్తారండీ!” అంటారు మీరు. నేనూ అలాగే అనుకునేదాన్ని. అది నిజం కాదని ఎలా తెలుసుకున్నానో ఈవేళ మీతో చెప్పాలని వచ్చాను.

మా వీధిలో ఒక మురుగు కాలువ వుంది. వీధి మొదట్లో కొంతదూరం సిమెంటుతో చక్కగానే కట్టారు. ఆ తరువాత హఠాత్తుగా ఆగిపోయింది. అక్కడినుంచి మట్టి కాలువే. గట్టి వాన పడితే చాలు, మురుగంతా పొంగి మా గుమ్మాల్లోకి వచ్చేది. గడపలకు అడ్డంగా గోనెసంచులు వేసి, చీపుళ్ళతో నీళ్ళు తోసుకుంటూ ఎన్ని రాత్రులు మేలుకున్నామో! ఒక వర్షాకాలంలో మా ఎదురింటి పిల్లవాడికి కామెర్లు వచ్చి నెల్లాళ్ళు మంచం పట్టాడు. మంచినీళ్ళ గొట్టం ఆ మురుగులోంచే వస్తున్నదని తెలిసి, డాక్టరుగారు “మందు సంగతి నేను చూస్తాను, ముందు మీరు ఆ కాలువ సంగతి చూడండమ్మా” అన్నారు.

మేం ఐదారుగురం ఆడవాళ్ళం కలిసి ఆఫీసుకి వెళ్ళాం. రెండుసార్లు “రేపు రండి” అయింది. మూడోసారి గుమాస్తాగారు ఒక రిజిస్టరు తిరగేసి, “మీ వీధి కాలువ ఎప్పుడో పూర్తయిందమ్మా. బిల్లు కూడా ఇచ్చేశారు. రికార్డులో వుంది” అన్నారు. “మా ఇళ్ళ ముందు మట్టి కాలువే వుందండీ” అన్నాం. “రికార్డులో పూర్తయినట్టే వుంది మరి” అన్నారు. “అయితే ఆ రికార్డేదో మాకూ చూపించండి” అన్నాను నేను. “ఆఫీసు కాగితాలు బయటివాళ్ళకి చూపించకూడదమ్మా” అని రిజిస్టరు మూసేశారు.

దోవ పొడుగునా ఆ “బయటివాళ్ళు” అన్న మాటే నన్ను పొడుస్తూ వుంది. పన్ను కట్టేది మేము, మురుగు తోసుకునేది మేము, కాగితం దగ్గరికి వచ్చేసరికి మేము బయటివాళ్ళం!

ఆ సాయంత్రం మా పక్కింటి టీచరమ్మగారితో చెప్పాను. ఆవిడ రిటైరయి చాలా ఏళ్ళయింది. “నోటితో అడిగితే నోటితోనే పంపించేస్తారమ్మాయ్. కాగితం మీద అడుగు. దానికి చట్టం వుంది” అన్నారు. అదే సమాచార హక్కు చట్టం. పార్లమెంటు 2005లో చేసింది. ఆ ఏడాది అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. మునిసిపాలిటీ, పంచాయతీ, కార్పొరేషను, ఏదైనా సరే ఈ చట్టం కిందికి వస్తుంది. 

ఇక ఎలా అడగాలో చెబుతాను. పెన్నూ కాగితం దగ్గరుంటే రాసుకోండి.

అర్జీ తెలుగులోనే రాయవచ్చు. ప్రత్యేకమైన ఫారం లేకపోయినా తెల్ల కాగితం చాలు. “పౌర సమాచార అధికారి గారికి” అని మొదలుపెట్టండి. అంటే మీరడిగిన సమాచారం ఇవ్వవలసిన బాధ్యత గల ఉద్యోగి అన్నమాట. ఆయన పేరు, హోదా ప్రజలకు తెలిసేలా ప్రకటించాలని చట్టమే చెబుతున్నది. చాలా ఆఫీసుల్లో గోడమీద బోర్డు కనిపిస్తుంది. మీ పేరు, చిరునామా రాయండి. మహిళా సంఘం పేరుతో కాకుండా ఒక పౌరురాలిగా మీ సొంత పేరుతోనే అడగండి. ఈ హక్కును చట్టం పౌరులకు ఇచ్చింది. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కరలేదు. అడిగే అధికారం కూడా వారికి లేదు. రాయడం రానివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి ఆ అధికారే సాయం చెయ్యాలి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

రుసుము మన తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుల్లో ఏమీ లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, మునిసిపాలిటీ వంటి ఇతర ఆఫీసుల్లో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారు ఆ రుజువు జతచేస్తే అదీ అక్కరలేదు. మామూలు సైజు కాగితాల నకలుకు పేజీకి 2 రూపాయలు. నకళ్ళు వద్దు, వెళ్ళి చూసుకుంటామంటే మొదటి గంట ఉచితం. ఆ తరువాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. చూస్తూ నోట్సు రాసుకోవచ్చు కూడా.

అన్నిటికన్నా ముఖ్యం, ఏమి అడగాలన్నది. నేను మొదట రాసిన అర్జీ చూసి టీచరమ్మగారు నవ్వారు. “మా వీధికి కాలువ ఎందుకు వెయ్యలేదు? మా బాధలు మీకు పట్టవా?” అని రెండు పేజీలు రాశాను. “ఇది ఫిర్యాదమ్మా. దీనికి జవాబు రాదు. ఈ చట్టం కింద ఆఫీసులో వున్న కాగితాన్ని అడగాలి. లేని జవాబును వాళ్ళు కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కరలేదు” అన్నారు. ఆవిడ రాయించిన అర్జీ నాలుగు వాక్యాలే: “ఫలానా వార్డు, ఫలానా వీధిలో, ఫలానా సంవత్సరంలో చేసిన మురుగు కాలువ పనికి సంబంధించి మంజూరైన అంచనా, వర్క్ ఆర్డరు, కొలతల పుస్తకంలో ఆ పని తాలూకు పేజీలు, చెల్లించిన బిల్లు – వీటి ధృవీకరించిన నకళ్ళు ఇప్పించగలరు.”

కొలతల పుస్తకమంటే ఏమిటో నాకప్పుడే తెలిసింది. ఇంజనీర్లు ఎం-బుక్ అంటారట. పని ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎంత లోతు జరిగిందో కొలిచి అందులో రాస్తారు. దాన్ని బట్టే కంట్రాక్టరుకు డబ్బు ఇస్తారు. మన పాలవాడి కాలెండరు లాంటిదే.

అర్జీ ఇచ్చి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకున్నాను. తీసుకోమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ తేదీ నుంచి 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. అడిగింది వేరే ఆఫీసుకు చెందినదైతే, ఐదు రోజుల్లో వాళ్ళే అక్కడికి పంపించాలి. మనల్ని తిప్పకూడదు. నాకు ఇరవైరెండో రోజున “తొమ్మిది పేజీలు, 18 రూపాయలు కట్టండి” అని వుత్తరం వచ్చింది. ఇలాంటి వుత్తరం వస్తే ఆలస్యం చెయ్యకండి. అది పంపిన రోజునుంచి మనం డబ్బు కట్టే రోజుదాకా ఆ 30 రోజుల లెక్కలోకి రాదు. గడువు దాటాక ఇస్తే మాత్రం ఆ నకళ్ళు ఉచితంగా ఇవ్వాలి.

కాగితాలు వచ్చాయి. కొలతల పుస్తకంలో కాలువ పొడుగు 140 మీటర్లని వుంది. మా దగ్గర అంత పొడుగు టేపు ఎక్కడిది? కుట్టుమిషను టేపుతో బట్టలారేసుకునే తాడును కొలిచి, సరిగ్గా పది మీటర్ల దగ్గర ముడి వేశాం. ఇద్దరం చెరో కొసా పట్టుకున్నాం, మూడో ఆవిడ సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. వీధిలో మగవాళ్ళు స్కూటర్లు ఆపి చూస్తున్నారు. ఎనిమిది తాళ్ళూ రెండు మీటర్లూ వచ్చింది. 82 మీటర్లు! మిగిలిన 58 మీటర్ల కాలువ కాగితం మీదే వుంది.

ఈసారి ఆఫీసుకి వెళ్ళినప్పుడు మేం గొంతు పెంచలేదు. పెద్ద అధికారి బల్లమీద ఆ పేజీ పెట్టి, “దీని ప్రకారం కాలువ ఎక్కడిదాకా వుందో ఒకసారి వచ్చి చూపించండి సార్” అన్నాం, అంతే. నాలుగో రోజున ఇంజనీరుగారు టేపు పట్టుకుని వచ్చారు. ఐదు నెలలకి మిగతా కాలువ పూర్తయింది. సంక్రాంతికి మా ఇళ్ళ ముందు ముగ్గులు పెట్టుకోగలిగాం. అయితే కట్టని కాలువకు ముందే బిల్లు ఎలా ఇచ్చారన్నది ఇంకా తేలలేదు. ఆ విచారణ కాగితాలు అడిగితే జవాబు రాలేదు, అప్పీలు చేశాం. అన్నీ కథల్లోలా తేలిపోతాయని నేను చెప్పను.

జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా చెయ్యవలసింది ఇది. 30 రోజుల్లోగా అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవాలి. ఆయన 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషనుకు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా సమాచారం ఇవ్వని అధికారికి కమిషను రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 మించకుండా జరిమానా వెయ్యవచ్చు. 

ఈ చట్టం ఢిల్లీలో పెద్దలు కూర్చుని దయతలచి ఇచ్చినది మాత్రం కాదు. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్ళిన కూలీలకు పూర్తి కూలి ఇచ్చేవారు కాదు. హాజరు పట్టీ చూపించమంటే అది రహస్యమనేవారు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో అందరి ముందు ఆ లెక్కలు చదివించింది. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా జరిగింది. కూర్చున్నవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. నాలుగో తరగతి దాకానే చదివిన ఒక ఆవిడను ఈ హక్కు మీకెందుకని విలేఖరులు అడిగారట. పది రూపాయలిచ్చి కొడుకును బజారుకు పంపినా తిరిగొచ్చాక లెక్క అడుగుతాను, నా పేరు చెప్పి ప్రభుత్వం కోట్లు ఖర్చు పెడుతుంటే లెక్క అడగవద్దా అన్నదట ఆవిడ. చూశారా, అది మన వంటింటి లెక్కే!

ఒక మాట. అన్నిటికీ ఈ అర్జీ అక్కరలేదు. జనన మరణాల రిజిస్టరుకు 1969 నుంచే వేరే చట్టం వుంది. రుసుము కడితే ఎవరైనా ఆ రిజిస్టరులో వెతికించుకుని నకలు తీసుకోవచ్చు. చనిపోయినవారి నకలులో కారణం మాత్రం రాయరు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే ఆ పని ఆసుపత్రివారే చేస్తారు. కాని పేరు పెట్టకముందే నమోదవుతుంది కనుక, చాలామంది పిల్లల రికార్డులో పేరు గడి ఖాళీగా వుండిపోతుంది. బారసాల అయ్యాక వెళ్ళి పేరు రాయించండి. ఏడాదిలోపు అయితే రుసుము లేదు. ఆ తరువాత పదిహేనేళ్ళ దాకా రుసుముతో రాయించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. అందులో మీ పేరు, మీవారి పేరు, ఇంటిపేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. పొరపాటు వుంటే ఇప్పుడే దిద్దించుకోండి, పెళ్ళీడుకు వచ్చాక కాదు.

మరో మాట కూడా చెప్పాలి. పక్కింటివాళ్ళ సొంత విషయాలు ఆరా తియ్యడానికి ఈ హక్కు వాడకండి. అలాంటి వ్యక్తిగత సమాచారం ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మనం అడగవలసింది మనందరి డబ్బు గురించి, మనందరి పని గురించి.

“ఎందుకొచ్చిన గొడవ, నీకెందుకు?” అని మావారు మొదట విసుక్కున్నారు. ఇప్పుడు మా వీధి దీపాల లెక్క అడుగుతూ ఆయనే అర్జీ రాస్తున్నారు. మీరూ ఈ వారం ఒక పని చెయ్యండి. మీ వీధిలో ఆగిపోయిన పని ఏదో ఒకటి చూసుకుని, ఒక్క కాగితం అడగండి. పది రూపాయలూ, నాలుగు వాక్యాలూ. ముద్ర వేయించుకోవడం మాత్రం మరచిపోకండి. ఆ తేదీని పాలవాడి నాగాల పక్కనే, కాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ముప్ఫయ్యో రోజున చూసుకోవచ్చు.

సెలవు.