తాడు రెండో కొస
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి కదా అని నన్ను గుహల గురించి మాట్లాడమన్నారు. మన దివిసీమలో నిలబడి గుహల గురించి చెప్పడం కొంచెం కష్టమే. హంసలదీవి దాకా ఎక్కడ తవ్వినా కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రూ, ఇసకే. రాయి చూడాలంటే బెజవాడ వెళ్ళాలి. ఆరో తరగతిలో మేస్టార్లు మమ్మల్ని తీసుకెళ్ళి ఉండవల్లి, మొగల్రాజపురం గుహలు చూపించారు. అవి మనుషులు ఉలితో తొలిచినవి. సముద్రం తొలిచిన గుహ చూడటానికి నేను విశాఖపట్నం చేరేదాకా ఆగాల్సొచ్చింది.

అక్కడ తూర్పు కనుమల కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. ఆ రాయిని ఖొండలైట్ అంటారు. పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ, ఎండకీ వానకీ లోపల్లోపల పుచ్చిపోయి, గిల్లితే రాలే చోట్లుంటాయి. బీటల్లోకి అల జొరబడి, గులకరాళ్ళతో కొట్టి కొట్టి బీటను బొరియ చేస్తుంది. భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర రాతి తోరణం మీలో చాలామంది చూసే ఉంటారు.

1986లో అక్కడ ఎమ్మెస్సీ చదువుతున్నాను. 1982, 83ల్లో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి బెలుం గుహల్ని కొలిచిన సంగతి మా తరగతిలో అందరి నోటా ఉండేది. మూడు కిలోమీటర్లకి పైనే తేలింది. మాకూ ఒక గుహ కొలవాలని మోజు పుట్టింది. దొరికింది పేరు కూడా లేని చిన్న బొరియ. ముప్పై అడుగుల రాతి గోడ కింద, సముద్రం వైపే దాని నోరు. పైనుంచి తాడుతో దిగడం తప్ప దారి లేదు.

నిజం చెప్పాలంటే మోజు ఒక్కటే కాదు. 1977 నవంబరు 19 రాత్రి ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉప్పెన తర్వాత చాలా ఏళ్ళు అల చప్పుడు వింటే నాకు కాళ్ళు వణికేవి. ఆ వణుకు పోగొట్టుకుందామనే వెళ్ళాను.

నాతో వచ్చినవాడు మన బడివాడే, నా బెంచీవాడే. పేరు చెప్పొద్దన్నాడు. మూడో వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు, మీరే వెతుక్కోండి. వాళ్ళ నాన్నగారు తాళ్ళు గీసేవారు. చెట్టెక్కే ముందు మోకుని జానెడు జానెడు తడిమి చూసుకునేవారట. వీడికీ అదే అలవాటు. జాలర్ల దగ్గర అడిగి తెచ్చిన నైలాన్ తాడుని అరగంట తడిమాడు. నేను విసుక్కున్నాను. మధ్యాహ్నం మూడింటికి పాటు, ఆ తర్వాత పోటు మొదలవుతుంది. పున్నమి రోజుల్లో అక్కడ ఈ రెంటికీ తేడా దాదాపు ఒకటిన్నర మీటరు.

నేను ఒక గుండుకి తాడు కట్టాను. వాడు కాలితో తన్ని చూశాడు, గుండు కదిలింది. ముడి విప్పి, వెనక దూరంగా ఉన్న తాటిచెట్టుకి కట్టాడు. దాంతో తాడు కిందికి ఎనిమిదడుగులు చాల్లేదు. నేను దిగి చివర్లో దూకేశాను. ఎలా ఎక్కుతానన్న ఆలోచన అప్పుడు రాలేదు.

లోపల మోకాల్లోతు నీళ్ళు. నున్నటి గులకరాళ్ళు, పీతలు, తెగిన వల ముక్క. గోడల్లో గార్నెట్లు ఎర్రగా మెరుస్తున్నాయి. టేపు పెట్టి కొలిస్తే ఇరవై ఆరడుగులు. ఇరవై ఆరడుగులేనండీ! బొమ్మ గీసుకుంటూ కూర్చున్నాను. తల తిప్పేసరికి అల వెనక్కి పోయినా నీళ్ళు నడుం దిగడం లేదు. బయటికొస్తే తాడు కొస తలపైన, చేతికందని ఎత్తున ఊగుతోంది.

వాణ్ణి కేకేశాను. వాడేమీ మాట్లాడలేదు. తాడు పైకి పోయింది. ఆ నిమిషం నాకు 1977 మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. కాసేపటికి తాడు దిగింది, ఈసారి నా ఛాతీ దాకా. కొసన ఎంత లాగినా బిగుసుకోని ఉచ్చు ఉంది. చంకల కింద వేసుకున్నాను. వాడు లాగుతుంటే రాతిని తన్నుకుంటూ ఎక్కాను.

పైకొచ్చాక చూశాను. చెట్టుకి కట్టిన తాడు విప్పేశాడు. రాతి పగుల్లో మడమలు బిగించి, తాడు నడుం చుట్టూ తిప్పుకుని పట్టుకున్నాడు. నేను జారితే ఇద్దరం పోయేవాళ్ళం. వాడి అరచేతుల్లో చర్మం లేదు.

ఆ వారం వాడు కలం పట్టలేకపోయాడు. నివేదిక నేనే రాశాను, బాగుందన్నారు. అట్ట మీద పేరు నాదొక్కటే. చేతులు మానాక చేర్చుదాంలే అనుకున్నాను. చేర్చలేదు. వాడు అడగలేదు.

ఆ కాగితాలు ఇవాళ తెచ్చాను, మన బడి లైబ్రరీకి ఇద్దామని. నా పేరు పక్కన వాడి పేరు రాశాను. సంతకం మాత్రం వాడే చెయ్యాలి. ఒరేయ్, తల వంచుకున్నది చాలు, పైకి రా.