చెవి మీది పుండును పెడచెవిన పెట్టవద్దు



చెవి అనగానే మనకు కమ్మలు, దుద్దులు, మాటీలు గుర్తొస్తాయి. ఆ చెవికే కాన్సర్ వస్తే? కోసేసిన చెవిని మళ్ళీ తీర్చిదిద్దగలరా? ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

మా పెద్దత్తయ్యకు చెవిడొప్ప పైఅంచున చిన్న పొక్కు లేచింది. కళ్ళజోడు ఒరుసుకుందనుకున్నారు. పసుపు అద్దారు, ఆయింట్‌మెంటు రాశారు. పెచ్చు కట్టేది, ఊడేది, దిండు గలీబు మీద రక్తపు మరక కనిపించేది. ఇలా ఐదు నెలలు. ఆవిడ జుట్టు చెవి మీదికి దువ్వుకుని ఊరుకున్నారు. చివరికి నేనే చెవినిల్లు కట్టుకుని పోరి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే చర్మ కాన్సరని తేలింది.

మన చర్మంలోని నలుపు ఎండ నుంచి కొంత కాపు కాస్తుంది. అందుకే తెల్లజాతి వారి కంటే మనలో ఈ కాన్సర్ తక్కువ. తక్కువే గాని, అసలు రాదని కాదు. పాత కాలిన మచ్చల్లోనూ, ఏళ్ళ తరబడి మానని పుళ్ళలోనూ కూడా పుట్టవచ్చు. చెవి మీద వచ్చినది ముదిరితే మెడలోని బిళ్ళలకు పాకే ప్రమాదముంది. అందుకే డాక్టరుగారు ముందు మెడ తడిమి చూశారు.

అత్తయ్య భయం కోత గురించి కాదు. "చెవి లేకుండా నలుగురిలోకి ఎలా వెళ్ళను? కళ్ళజోడు దేనికి తగిలించను?" అన్నారు. సర్జన్‌గారు ఓపిగ్గా చెప్పారు. పుండుతోపాటు చుట్టూ కొంత మంచి చర్మం కూడా తీస్తారట. ఆ అంచులను మైక్రోస్కోపు కింద చూసి, కాన్సర్ మిగల్లేదని రూఢి చేసుకోవాలి. చెవిని తీర్చిదిద్దడం ఆ తరువాతి మాట.

అత్తయ్యకు చేసిన పద్ధతిని 1967లో ప్రకటించినవారు మన దేశపు సర్జన్లే, ఆంటియా, బుచ్ అనేవారు. జాకెట్టు అంచు చిరిగితే వేరే గుడ్డ అతకకుండా, ఉన్న అంచునే రెండు వైపుల నుంచి జరిపి కుట్టినట్టన్నమాట. ముందువైపు చర్మాన్ని, లోపలి మెత్తటి ఎముకను కోసి, వెనక చర్మాన్ని మాత్రం అంటిపెట్టి ఉంచుతారు. ఆ చర్మం ద్వారానే రక్తం అందుతుంది. చెవి కాస్త చిన్నదవుతుంది, అంతే.

అందరికీ ఇదే పద్ధతి కాదు. పైచర్మమే పోతే వేరేచోటి నుంచి పలచటి చర్మం తెచ్చి అతుకుతారు. అయితే మెత్తటి ఎముక మీది సన్నని పొర మిగిలి ఉండాలి. ఒట్టి ఎముక మీద అతుకు పట్టదు. కొంచెం పెద్ద లోటైతే చెవి వెనక చర్మాన్ని తెచ్చి కుట్టి, కొన్ని వారాల తరువాత రెండో ఆపరేషన్‌లో విడదీస్తారు. చెవి చాలావరకు పోతే పక్కటెముక మృదులాస్థిని చెవి ఆకారంలో చెక్కి అమర్చవచ్చు. అదీ వద్దనుకుంటే సిలికోన్ చెవి ఉంది.

ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కాదు. తెగిన చెవితమ్మెను అతకడానికి సుశ్రుత సంహిత పదిహేను పద్ధతులు చెప్పింది. తమ్మె బొత్తిగా లేనివారికి చెంప కండను, ఒక కొస తెగకుండా ఉంచి, తెచ్చి అతకమంది. రక్తం అందాలన్న సూత్రం నాటికీ నేటికీ ఒకటే. చుట్ట, బీడీ, సిగరెట్టు పొగ ఆ రక్తప్రసరణను తగ్గిస్తుంది కనుక ఆపరేషన్‌కు ముందూ తరువాతా మానాలి.

డొప్ప కోసినంత మాత్రాన చెవుడు రాదు. వినికిడి పని లోపలి భాగాలది. అత్తయ్యకు చెవి బాగానే వినిపిస్తోంది. కళ్ళజోడు నిలుస్తోంది. తమ్మెకు ఎప్పటి దుద్దే పెట్టుకుంటున్నారు. మళ్ళీ రాకుండా కనిపెట్టి ఉండాలి గనుక డాక్టరు పిలిచినప్పుడల్లా వెళ్ళి చూపించుకుంటున్నారు.

ఒక్కటే ఆవిడ బాధ. "ఆ ఐదు నెలలూ ముందే వెళ్ళి ఉంటే ఇంత కోత ఉండేది కాదేమోనే!" అంటారు.

అందుకే చెబుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళకు తల దువ్వేటప్పుడు చెవి అంచు, చెవి వెనక ఒకసారి చూడండి. నెల దాటినా మానని పుండు, పెరిగే పొక్కు, ఊరికే రక్తం కారే పెచ్చు కనబడితే ఇంటి వైద్యం ఆపి డాక్టరుకు చూపించండి. ఈ ఒక్క మాటను మాత్రం పెడచెవిన పెట్టకండి.