శాతాల లెక్క

ముందు వరసలో మా లెక్కల మాస్టారు కూర్చున్నారు. ఏడో తరగతిలో శాతాల లెక్క తప్పు చేశానని మాస్టారు నా చెవి మెలిపెట్టారు. పిల్లల డాక్టరునయ్యాక ఒకసారి ఆ లెక్క అసలు చెయ్యనే లేదు. ఆ సంగతి ఆయన ఎదుటే చెప్పుకోవాలని వచ్చాను.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో 4 నెలల బాబును తెచ్చారు. నోటినిండా తెల్లపూత, ఆగని విరేచనాలు, న్యుమోనియా. పుట్టగానే బి.సి.జి. వేసిన చోట పుండు మానలేదు, చంకలో గడ్డ కట్టింది. రక్తపరీక్షలో తెల్లకణాలు 6,000. ఫరవాలేదనుకుని కాగితం మడిచేశాను. దాని కింది వరసలోనే లింఫోసైట్లు 8 శాతం అని ఉంది. అంటే 480. ఆ వయసు బిడ్డకు 3,000 కంటే తగ్గితేనే అనుమానం రావాలి. పదకొండో రోజున బాబు పోయాడు.

తర్వాత వాళ్ల నాయనమ్మ అంది: "ముందు ఆడపిల్ల కూడా ఇట్టాగే అయిదో నెలలో పోయింది బాబూ, మా ఇంటికేదో బాలగ్రహం పట్టింది." తల్లిదండ్రులది మేనరికం. ఈ రెండు మాటలూ మొదటిరోజే నేను అడిగి తెలుసుకోవలసినవి.

ఆ బాలగ్రహానికి వైద్యంలో పేరుంది. పుట్టుకతో వచ్చే తీవ్ర రోగనిరోధక లోపం. డాక్టర్లం పొట్టిగా 'స్కిడ్' అంటాం. రోగాలతో పోరాడే టి కణాలు తయారుకావు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్ని నెలలు కాపు కాస్తాయి కనుక పుట్టినప్పుడు బిడ్డ బొద్దుగానే ఉంటాడు. అందరు పిల్లలకూ మేలు చేసే బి.సి.జి.లో ఉన్నది బలహీనపరిచిన సజీవ క్రిమి. ఈ బిడ్డల్లో అదే ఒళ్లంతా పాకుతుంది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే దోషపు జన్యువు దాగి ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. అలాగని అంతా మేనరికం మీదికి తోసెయ్యకండి. తల్లి నుంచి మగపిల్లలకు మాత్రమే వచ్చే రకం ఒకటుంది, దానికి చుట్టరికంతో పనిలేదు.

అమెరికాలో హ్యూస్టన్‌లో 1971లో పుట్టిన డేవిడ్ వెటర్‌ది ఆ రకమే. ప్లాస్టిక్ గుడారంలో 12 ఏళ్లు బతికాడు. అన్న అప్పటికే ఇదే జబ్బుతో పోయాడు కాబట్టి పుట్టకముందే గుడారం సిద్ధం చేశారు. ఇప్పుడు గుడారాలు లేవు, ఎముక మూలుగ మార్పిడి ఉంది. మూడున్నర నెలల లోపు చేయించుకున్నవారిలో 94 శాతం మంది 5 ఏళ్ల తర్వాత బతికే ఉన్నారని 2014లో అక్కడి అధ్యయనం ఒకటి తేల్చింది. చూశారా మాస్టారూ, మళ్లీ శాతమే. 2008లో విస్కాన్సిన్ రాష్ట్రం పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో ఈ పరీక్ష మొదలుపెట్టింది. మన దగ్గర ప్రతి బిడ్డకూ చేసే ఏర్పాటు లేదు. మన చేతిలో ఉన్నది ఆ మామూలు రక్తపరీక్ష కాగితం, ఆ ఇంట్లో పెద్దావిడ జ్ఞాపకం.

రెండేళ్లకు ఆ తల్లి మళ్లీ నెల తప్పింది. ఈసారి కాన్పుకు ముందే నా దగ్గరికి రప్పించుకున్నాను. బిడ్డకు బి.సి.జి., పోలియో చుక్కలు నేను చెప్పేదాకా వద్దని కాగితం మీద ఎర్ర సిరాతో రాశాను. రెండోరోజు రక్తం తీశాం. 9,000లో 7 శాతం, 630. మూడుసార్లు గుణించాను. పెద్ద ల్యాబులో చూస్తే టి కణాలు దాదాపు లేవు. చెన్నై పంపాం. ఆరేళ్ల అక్క మూలుగ సరిపోయింది. ఖర్చు వింటే ఆ తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. మన బ్యాచ్ వాళ్లకు ఒక్క రాత్రి ఫోన్లు చేశాను. ఎవరెంత ఇచ్చారో చెప్పొద్దని మాట తీసుకున్నారు కాబట్టి చెప్పను. అందులో ఇద్దరు ఇప్పుడు మీ మధ్యే ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

వాడిప్పుడు మూడో తరగతి. మొన్న వాళ్ల నాయనమ్మ వాణ్ణి రెక్క పట్టుకుని నా దగ్గరికి లాక్కొచ్చింది. మట్టిలో పడ్డ మామిడిపండు తీసి చొక్కాకు తుడుచుకుని తినేశాడట, మందేమైనా రాయమంది. నేనేమీ రాయలేదు.