మన ఊళ్ళ గోడలు చెప్పు సంగతులు
(శతాబ్ది సభలలో చేసిన ప్రసంగ పాఠము)

 మాకిచ్చిన సమయము కొద్దిది. కనుక మొగల్తూరు చుట్టుపట్ల నేలను గూర్చియు, దానిమీది పాత గురుతులను గూర్చియు మాత్రమే మనవి చేయుదుము.

మొగల్తూరు అనగానే నేడు అందరికిని సినిమా నటులు గుర్తుకు వత్తురు. అంతకు మునుపు ఇది కలిదిండి రాజుల జమీందారీకి ముఖ్యస్థానము. మా చిన్నతనమున ఎవరికి దారి చెప్పవలసినను రాజులవారి కోట నుండియే లెక్కపెట్టి చెప్పెడివారము.

ఇక్కడినుండి నరసాపురము పోయి వశిష్ఠ గోదావరి ఒడ్డున నిలిచినచో మాధవాయపాలెము వచ్చును. సఖినేటిపల్లి పంటు ఎక్కు రేవు అదియే. ఇంగ్లీషువారు దానిని మడపొల్లము అనిరి. 1833 వరకు కుంఫిణీవారి వర్తక ఏజెన్సీ అక్కడ నుండెను. ఇంజరము, బండమూర్లంకల ఏజెన్సీలకంటె అదియే ముఖ్యమైనది. మన సాలెల తెల్లని నూలుబట్ట ఆ ఊరి పేరుతోనే సముద్రములు దాటెను. తరువాత ఇంగ్లండు మిల్లులు అదే పేరుగల బట్టను నేసి మన దేశమునకే పంపినవి. పేరు మనది, రాబడి వారిది. మూలబడిన మగ్గము ముందు కూర్చున్న కుటుంబమును ఒక్కసారి తలంచుడి.

డచ్చివారిని మన పెద్దలు వలందులు అనిరి. నరసాపురములోని వలందర రేవు పేరు వారిని బట్టి వచ్చినదే. పాలకొల్లులోని వారి వర్తక స్థానము 1825లో ఇంగ్లీషువారి వశమయ్యెను. వారి సమాధులు మాత్రము అక్కడ మిగిలినవి.

1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో కూడ విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఈ దేశమునకు వచ్చిరి. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టువాడు. నరసాపురము వారి సేవకు కేంద్రమయ్యెను. వారి స్వస్థలము ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్. అదియు మన నరసాపురమువలె నది ఒడ్డు పట్టణమే, వర్తకముతో బ్రతికినదే. అక్కడ టా నదిమీద మధ్యయుగపు రాతి వంతెన నేటికిని నిలిచియున్నది. వర్తకులు బేరము కుదిరినప్పుడు డబ్బుంచిన రాయిని సహితము ఆ ఊరివారు భద్రపరచుకొనిరి.

మరి మనమేమి చేసితిమి? సిగ్గుతో ఒక మాట ఒప్పుకొందుము. చాలకాలము క్రిందట ఒక పాత ప్రార్థన గృహమును విప్పి క్రొత్తది కట్టునప్పుడు, గోడలోని పేర్ల పలకను ఎవరును పట్టించుకొనలేదు. కొన్నాళ్ళకు అది నూతి దగ్గర బట్టలుతుకు బండయై కనబడినది. అప్పటికి అక్షరములు సగము అరిగిపోయినవి. ఆ పని మీద నిలుచున్నవారిలో మేమును ఉంటిమి. ఇప్పుడు ఆ పేర్లు అడుగుటకు ఆనాటి పెద్దలు లేరు.

కావున మా మనవి ఇది. ప్రతి సంఘమును తన పాత కట్టడమును కొలిచి, ఫోటో తీయించి, పలకలమీది అక్షరములను పుస్తకములో వ్రాయించవలెను. కూలి చేసిన తాపీపనివారి పేర్లు వృద్ధులకు జ్ఞాపకమున్నచో అవియు వ్రాయవలెను. సమాధుల తోటలో ముండ్లు కొట్టించవలెను. దీనికి గొప్ప ధనమక్కరలేదు, రెండు ఆదివారముల సాయంత్రములు చాలును.

క్రొత్త గోడ కట్టవద్దని మేమనము. పాత గోడను విప్పుటకు ముందు దానిని ఒకసారి చదువుడి. సెలవు.